మిషన్లకి అలుపు లేదు గానీ, అల్లుడూ…

చిరంజీవి చిన్నాకి, మావయ్య ఆశీస్సులు.

విజయనగరంలో నువ్వు పెట్టదలచిన కంప్యూటర్ చదరంగం పోటీకి, నువ్వు పంపిన టైమ్ టేబుల్ చూశాను. చదరంగం ఆడే ఎనిమిది ప్రోగ్రాములు, ప్రతిదీ మిగతా ఏడింటితో తలో ఆట, మొత్తం 28 ఆటలు, ఏడు రౌండ్లు. రోజుకి మూడు రౌండ్లేసి రెండున్నర రోజుల్లో ఊదేస్తానన్నావు. కూడికలో తప్పు లేదురా. కానీ ఒక్కో వైపు గంటన్నర, పైన ఎత్తుకి 15 సెకన్లు అంటే, 80 ఎత్తులు సాగిన ఆట మూడు గంటల నలభై నిమిషాలు తినేస్తుంది. అవి మూడైతే పదకొండు గంటలు. అన్నం ఎప్పుడు తింటారు? మొరాయించిన మిషన్‌ని ఎప్పుడు బాగుచేసుకుంటారు?

ఉత్త ఫలితాలే కావాలంటే మనుషుల్ని పిలవడమే దండగ. నెట్‌లో జరిగే టీసీఈసీ అనే పోటీ వాళ్లు రాత్రీ పగలూ ఇంజిన్లని, అంటే ఇలాంటి ప్రోగ్రాముల్నే, ఆడిస్తూనే ఉంటారు, బోర్డు దగ్గర ఒక్కడు కూర్చోడు. అది నీ గదిలోంచే చేసుకోవచ్చు. పరాయి దేశాల ప్రోగ్రామర్లని విజయనగరం రప్పించేది, "మీది ఆ గుర్రాన్ని ఎందుకు బలిచ్చింది?" అని ఒకరినొకరు అడగడానికి. ఆ మాటలు రౌండుకీ రౌండుకీ మధ్య, చేతిలో టీ గ్లాసు ఉన్నప్పుడే పుడతాయి.

అందుకని అయిదు రోజులు పెట్టు. మొదటి రోజు పొద్దున్న మిషన్లు బిగించుకుంటారు, మధ్యాహ్నం ఒక్క రౌండు. రెండో రోజు రెండు. మూడో రోజు పొద్దున్న ఒకటి ఆడించి, సాయంత్రం కోట, గంట స్తంభం చూపించి రామతీర్థం తీసుకెళ్లు. నాలుగో రోజు రెండు, అయిదో రోజు ఆఖరిది, బహుమతులు. ఆ మూడో సాయంత్రం షికారు కోసమే అనుకోకు. కరెంటు వల్లో నెట్ వల్లో ఏ ఆటైనా ఆగిపోతే దాన్ని ఆడించుకోడానికి నీకున్న చోటు అదొక్కటే. ఈ మాట బయటికి చెప్పకు, షికారనే చెప్పు.

ఎత్తుల్ని బోర్డు మీద కదిపి, ఎదుటివాడి ఎత్తుని మిషన్‌లో కొట్టేది ఆపరేటరు. నిద్ర చాలనివాడు ఒక గడి పక్కకి కొడతాడు. అంతకంటే చిక్కు, వాడి అధికారం ఎంతవరకు అన్నది. 2003లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో కంప్యూటర్ చదరంగం ప్రపంచ పోటీ జరిగినప్పుడు, ష్రెడర్ అనే ప్రోగ్రాము మీద ఆడుతున్న జానీ అనే ప్రోగ్రాము, బోర్డు మీద అదే స్థితి మూడోసారి వచ్చిందని తెరమీద చూపించింది. అలా వస్తే డ్రా అడగొచ్చు. ఆపరేటరు డ్రా అడక్కుండా ఆట సాగనిచ్చాడు. ష్రెడర్ గెలిచింది, ఫ్రిట్జ్ అనే ఇంకో ప్రోగ్రాముతో సమానమై ప్లేఆఫ్‌లో టైటిల్ కూడా పట్టుకుపోయింది. పెద్ద గొడవే అయింది. మిషన్ డ్రా అంటే డ్రాయే, ఆపరేటరు ఉదారం చూపించడానికి వీల్లేదని ముందే రాసి, అందరి చేతా సంతకం పెట్టించు.

కరెంటు సంగతి నా నెత్తి మీద పడ్డదే చెబుతాను. వెనకటికి ఒక కాలేజీలో చిన్న పోటీ నడిపాం. కంప్యూటర్లన్నిటికీ యూపీఎస్ పెట్టాం, రౌటర్ ప్లగ్గు మాత్రం గోడకే ఉండిపోయింది! కరెంటు పోగానే, దూరంగా ఎక్కడో పెద్ద మిషన్ మీద నడుస్తున్న ప్రోగ్రాముకి లైను తెగింది, గడియారం నడిచిపోయింది. తర్వాత గంటసేపు వాదన. 1974లో స్టాక్‌హోమ్‌లో మొట్టమొదటి ప్రపంచ పోటీ గెలిచిన రష్యా వాళ్ల ప్రోగ్రాము కైసా కూడా మాస్కోలో ఉన్న మిషన్ మీదే నడిచింది, ఎత్తులు ఫోన్లో వెళ్లేవి. అప్పటికీ ఇప్పటికీ ప్రాణమంతా ఆ తీగ మీదే. రెండు వేరు వేరు కంపెనీల లైన్లు తీసుకో. లైను తెగితే గడియారం ఎవరు ఆపాలో, ఎన్ని నిమిషాలు ఆపాలో, ఎన్నిసార్లు ఆపొచ్చో అదే కాగితంలో రాయించు.

ఇంక సిరిమాను రోజులకి కలుపుదామన్నావే, ఆ సరదా నాకూ తెలుసు. కానీ పైడితల్లి పండగకి ఊళ్లో గది దొరకదు, రోడ్డు దాటడానికే అరపూట. పైగా అక్టోబరు. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరులోనే వచ్చింది, తిత్లీ తుపాను 2018 అక్టోబరులోనే సిక్కోలుని పీకిపెట్టింది. సంక్రాంతి వెళ్లాక పెట్టుకో. వాళ్లకి సిరిమాను చూడాలనుంటే మళ్లీ వస్తారు.

భోజనాలు మీ అత్త చూసుకుంటానంది, కారం తగ్గించమని నువ్వే చెప్పుకో, నేను చెప్పను. ఆ జనరేటరు వాడికి మాత్రం ఇప్పుడే అడ్వాన్సు ఇవ్వకు. ఆదివారం నేను వెళ్లి, లోడు పెట్టి రెండు గంటలు నడిపి చూసొస్తాను.

మీ మావయ్య