ఎక్స్‌రే బాగానే ఉంది కదా, మరి టీబీ మందు ఎందుకు?

మీరు అడిగిందే మూడేళ్ల క్రితం నేనూ మా రుమటాలజిస్ట్‌ని (కీళ్లవాతం డాక్టరుని) అడిగాను. దగ్గు లేదు, జ్వరం లేదు, ఎక్స్‌రేలో మచ్చ లేదు. మరి కీళ్లవాతం ఇంజెక్షన్ వాయిదా వేసి టీబీ మాత్రలు ఎందుకు మింగాలి?

లేటెంట్ టీబీ అంటేనే అది. ఒంట్లో క్రిములు ఉంటాయి, జబ్బు ఉండదు. రోగనిరోధక కణాలు వాటి చుట్టూ గూడు కట్టి కదలనివ్వవు. ఆ గూడు చెదరకుండా ఉండాలంటే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ కావాలి. అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి కీళ్లవాతం ఇంజెక్షన్లు అడ్డుకునేది సరిగ్గా దాన్నే. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వచ్చిన కొత్తల్లో, 2001లో, ఆ మందు వాడినవాళ్లలో 70 మందికి టీబీ వచ్చినట్టు ఒక నివేదిక వచ్చింది. ఎక్కువమందికి మూడు డోసుల్లోపే బయటపడింది. సగానికి పైగా కేసుల్లో ఊపిరితిత్తుల బయటకూ పాకింది. ఇది తెలిశాక నేను మారు మాట్లాడలేదు.

నాకు ముందు మాంటూ అనే టీబీ చర్మ పరీక్ష చేశారు. ముంజేతి మీద సన్నటి సూదితో పొక్కులా లేపి, చుట్టూ పెన్నుతో గీశారు. రెండో రోజుకి రూపాయి బిళ్లంత ఎర్రబడింది. ఒకటే టెన్షన్, రాత్రి నిద్ర లేదు. తీరా చూస్తే ఎరుపు లెక్కలోకే రాదట! నర్సు బాల్‌పెన్నుని బయటి నుంచి మెల్లగా లోపలికి జరుపుతూ, గట్టిపడిన వాపు అంచు తగిలిన చోట ఆపింది. రెండో వైపు నుంచీ అలాగే చేసి, మధ్య దూరం స్కేలుతో కొలిచింది. 8 మిల్లీమీటర్లు. మామూలు మనిషికైతే 10 ఉంటేనే పాజిటివ్ అంటారు గానీ, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకి 5 ఉన్నా పాజిటివే.

"చిన్నప్పటి బీసీజీ టీకా వల్లేమో" అన్నాను. అందుకే, టీబీ క్రిమికి రక్తకణాలు స్పందిస్తాయా అని చూసే ఇగ్రా రక్తపరీక్ష చేశారు, అది బీసీజీని పట్టించుకోదు. మొదటి రిపోర్టు 'ఇండిటర్మినేట్' అని, అంటే ఎటూ తేల్చలేమని వచ్చింది. అంతకుముందు వేరే డాక్టరు ఏ టెస్టూ చేయకుండా నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. స్టెరాయిడ్ వాడుతుంటే రక్తకణాలు టెస్టుకి సరిగా స్పందించకపోవచ్చు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే. డోసు తగ్గించాక మళ్లీ చేస్తే పాజిటివ్ వచ్చింది.

నాకిచ్చిన టీబీ మాత్ర ఐసోనియాజిడ్ 300 మిల్లీగ్రాములు, రోజూ, ఆరు నెలలు. నరాల తిమ్మిరి రాకుండా బి6 మాత్ర. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ కూడా వాడుతున్నాను, రెండూ లివర్‌ని ఇబ్బంది పెట్టొచ్చు కాబట్టి నెలనెలా లివర్ టెస్టు. వారానికోసారి చొప్పున 12 డోసులు వేసుకునే ఐసోనియాజిడ్-రిఫాపెంటిన్ కోర్సూ ఉంది. రిఫాపెంటిన్ లాంటి రిఫాంపిసిన్ రకం మందులు కొన్ని వేరే మందుల పనితనాన్ని తగ్గిస్తాయి, మూత్రాన్ని నారింజ రంగుకి మారుస్తాయి. మీరు ఇంకేం మందులు వాడుతున్నారో అన్నీ చెప్పండి. గర్భనిరోధక మాత్రలైనా, టోఫాసిటినిబ్ అనే కీళ్లవాతం మాత్ర అయినా దాచకండి.

ఆరు నెలలూ ఆగక్కర్లేదు. నాకు మాత్రలు మొదలుపెట్టిన నెలకే మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. అన్నట్టు, ఇంట్లోవాళ్లు నన్ను వేరే గదిలో పడుకోమన్నారు. లేటెంట్ టీబీ ఎవరికీ అంటదని డాక్టరుతోనే ఫోన్‌లో చెప్పించాల్సొచ్చింది.

మీరిప్పుడు స్టెరాయిడ్ వాడుతున్నారా? నెగెటివ్ రిపోర్టు చేతికొచ్చినా, టెస్టు రోజున ఎంత డోసులో ఉన్నారో డాక్టరుకి ఒకసారి గుర్తుచేయండి.