టెక్ సందేహాలు: 500 వాట్ల హాలోజన్ తీసేసి ఏం పెట్టాలి?

*మా ఇంటి గేటు దగ్గర ఒకటి, వెనక పశువుల కొట్టం వైపు ఒకటి 500 వాట్ల హాలోజన్ ఫోకస్ లైట్లు ఉన్నాయి. చీకటి పడగానే వేస్తాం, పడుకునే ముందు తీసేస్తాం. గృహజ్యోతి వర్తించినా నెలనెలా 200 యూనిట్లు దాటి బిల్లు వస్తోంది. పాత ఫిట్టింగ్‌లోనే పట్టే ఎల్‌ఈడీ ట్యూబులు ఆన్‌లైన్‌లో కనిపించాయి. అవి కొనాలా, లైటు మొత్తం మార్చాలా? ఎల్‌ఈడీలు వానకు ఆగుతాయా?*
— ఓ పాఠకుడు, జగిత్యాల జిల్లా

లైటు మొత్తం మార్చండి. ముందు మీ బిల్లు సంగతి చూద్దాం. రోజుకు ఐదు గంటలు వెలిగినా రెండింటికీ కలిపి 5 యూనిట్లు, నెలకు 150. ఉచితంగా వచ్చే 200 యూనిట్లలో ముప్పావు వంతు ఈ రెండు లైట్లకే పోతోంది. పైగా 200 దాటిన నెలలో అదనపు యూనిట్లకే కాదు, వాడిన మొత్తానికీ బిల్లు కట్టాలి. వీటి బదులు 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు రెండు పెడితే అదే ఐదు గంటలకు నెలకు 15 యూనిట్లే అవుతాయి. ఇంట్లో ఇంకేదీ మార్చకుండానే 135 యూనిట్లు మిగులుతాయి.

50 వాట్ల వెలుతురు చాలుతుందా అని మీకు అనుమానం రావచ్చు. వాట్లు చెప్పేది ఎంత కరెంటు తాగుతుందో. ఎంత వెలుతురు ఇస్తుందో ల్యూమెన్లు చెబుతాయి. 500 వాట్ల హాలోజన్ ట్యూబు తొమ్మిది, పది వేల ల్యూమెన్లు ఇస్తుంది. అది తీసుకునే కరెంటులో నూటికి తొంభై వంతులకు పైగా వేడిగానే పోతుంది. మంచి ఎల్‌ఈడీ వాట్‌కు దాదాపు 100 ల్యూమెన్లు ఇస్తుంది. ఈ లెక్కన సరిసమానంగా కావాలంటే 100 వాట్ల ఎల్‌ఈడీ పెట్టాలి. కానీ హాలోజన్ ట్యూబు వెలుతురు నాలుగు వైపులా చిమ్ముతుంది, వెనక రేకుకు తగిలి ముందుకు వచ్చేలోగా కొంత పోతుంది. ఎల్‌ఈడీ వెలుతురు నేరుగా ముందుకే పడుతుంది. అందుకే నా సలహా: కొట్టానికి 50 వాట్లు, గేటుకు 30 వాట్లు. గేటు దగ్గర తాళం, వచ్చిన మనిషి ముఖం కనిపిస్తే చాలు కదా. లైటును కాస్త నేలవైపు వంచి బిగిస్తే ఎదురింటివాళ్ల కళ్లల్లో కొట్టదు.

ఇక పాత ఫిట్టింగ్‌లో పట్టే ట్యూబు. హాలోజన్ ట్యూబు 118 మిల్లీమీటర్ల పొడవు, పెన్సిలంత సన్నం. అదే పొడవున్న ఎల్‌ఈడీ ట్యూబు బాగా లావుగా ఉంటుంది, చాలా ఫిట్టింగుల్లో ముందు అద్దం మూతపడదు. మూతపడినా గాలి ఆడని ఆ పెట్టెలో వేడి బయటికి పోయే దారి లేదు. వేడెక్కితేనే హాలోజన్ వెలుగుతుంది. ఎల్‌ఈడీ ఆ వేడికే పాడవుతుంది. ఆ ట్యూబుకు డబ్బు పెట్టకండి.

వాన గురించి: డబ్బా మీద ఐపీ65 గానీ ఐపీ66 గానీ ఉండాలి. మొదటి అంకె 6 అంటే దుమ్ము చొరబడదు, రెండో అంకె 5 అంటే ఏ వైపు నుంచి నీళ్లు చిమ్మినా తట్టుకుంటుంది. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక విశాఖ నగరంలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీలకు మార్చారు. సముద్రపు గాలిలోనే పెట్టారంటే మీ కొట్టం దగ్గర వానకు బెంగ అక్కర్లేదు. పల్లెల్లో ఎల్‌ఈడీలకు అసలు శత్రువు వోల్టేజి. కరెంటు పోయి వచ్చేటప్పుడు వచ్చే ఎక్కువ వోల్టేజికి లోపలి డ్రైవర్, అంటే ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే భాగం, కాలిపోతుంది. సర్జ్ ప్రొటెక్షన్ 4 కేవీ అని రాసి ఉన్నది, రెండేళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి. వెనక అల్యూమినియం బాడీ బరువుగా ఉండాలి. చేతిలో తేలిపోయే లైటు ఎంత చవకైనా వద్దు.

రంగు 3000 కెల్విన్ ఎంచుకోండి. ఇది హాలోజన్‌కు దగ్గరగా ఉండే పసుపు వెలుతురు. 6500 కెల్విన్ తెల్ల లైటులో నీలం పాళ్లు ఎక్కువ కాబట్టి పురుగులు ఎక్కువగా మూగుతాయి. తొలకరికి ఉసిళ్లు లేచే రోజుల్లో ఈ తేడా మీకే తెలుస్తుంది.

కొన్నాక ఒక పరీక్ష చేయండి. నాకు చాలా ఇష్టమైన పరీక్ష ఇది, ఖర్చేమీ లేదు. కరెంటు మీటరు మీద యూనిట్‌కు ఎన్ని పల్స్‌లో రాసి ఉంటుంది, చాలా వాటిపై 3200 అని ఉంటుంది. ఇంట్లో అన్నీ ఆపేసి కొత్త లైటు ఒక్కటే వేసి, మీటరు మీది ఎర్ర చుక్కను చూడండి. 50 వాట్ల లైటుకు అది దాదాపు 22 సెకన్లకోసారి మెరవాలి. 40 సెకన్లకోసారి మెరిస్తే మీకు అమ్మింది 50 వాట్లది కాదు, తిరిగి ఇచ్చేయండి. పాత హాలోజన్‌కైతే రెండు సెకన్లకోసారి మెరుస్తుంది.

బిగించేటప్పుడు మెయిన్ ఆఫ్ చేయించండి, హాలోజన్ పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి. లోహపు బాడీకి ఎర్త్ వైరు తప్పనిసరి. పశువులు తిరిగే చోట దాన్ని అసలు వదిలేయొద్దు. లైటులోకి వెళ్లే వైరు కాస్త కిందికి వేలాడేలా వదిలితే నీళ్లు అక్కడే కారిపోతాయి.

*మెట్ల దగ్గర సెన్సార్ ఉన్న హాలోజన్ తీసి ఎల్‌ఈడీ పెట్టాం. ఇప్పుడు లైటు ఆరిపోయాక కూడా మిణుకుమిణుకుమంటోంది. లైటు పాడైందా?*
— ఓ పాఠకురాలు, హైదరాబాద్

లైటు బాగానే ఉండి ఉంటుంది. న్యూట్రల్ వైరు అవసరం లేని రకం పాత సెన్సార్ తాను పనిచేయడానికి కావలసిన కొద్దిపాటి కరెంటును లైటు గుండానే లాగుతుంది. హాలోజన్‌కు అది లెక్కలోకి రాదు, ఎల్‌ఈడీకి మినుకుమనడానికి సరిపోతుంది. న్యూట్రల్ కలిపే రిలే రకం సెన్సార్ వేయించండి, లేదా సెన్సార్ లోపలే ఉన్న ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్ కొనండి. దానికి ముందు ఎలక్ట్రీషియన్‌తో ఒకటి చూపించండి: స్విచ్చి ఫేజ్ వైరు మీద ఉందా, న్యూట్రల్ మీద ఉందా? న్యూట్రల్ మీద ఉన్నా ఇలాగే మెరుస్తుంది. అది ప్రమాదం కూడా, ఎందుకంటే స్విచ్చి ఆపినా లైటులో కరెంటు ఉంటుంది.

*తోటలో మోటారు షెడ్డుకు ‘200 వాట్ల సోలార్ ఫ్లడ్‌లైట్’ తీసుకోవచ్చా? ప్యానెల్ 10 వాట్లు అని ఉంది.*
— ఓ రైతు, అనంతపురం జిల్లా

ప్యానెల్ అంకెనే నమ్మండి. 10 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 40, 50 వాట్ అవర్లు ఇస్తుంది. బ్యాటరీలో పోయేది పోగా 30 మిగిలితే రాత్రి పది గంటలకు 3 వాట్ల లైటు వెలుగుతుంది, అంటే 300 ల్యూమెన్లు. షెడ్డు తలుపు, స్టార్టర్ డబ్బా కనిపించడానికి ఇది చాలు. తోటంతా వెలగాలంటే చాలదు, ముసురు పట్టిన రోజుల్లో ఇంకా తగ్గుతుంది. మనిషి అలికిడికే పూర్తిగా వెలిగే సెన్సార్ రకం, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్నది దొరికితే తీసుకోండి. ఆ బ్యాటరీ మీ ఎండలను మిగతావాటికంటే బాగా తట్టుకుంటుంది.