పగలు ముంగిస చూసుకుంటుంది, రాత్రి సంగతేంటి?

ప్రశ్న: మా పశువుల కొట్టం పక్క గడ్డివాములో ఒక ముంగిస మకాం పెట్టింది. మొన్న మధ్యాహ్నం మనవడు ఆడుకుంటున్న వసారా మెట్ల దాకా నాగుపాము వస్తే ఇదే చంపింది. కానీ ఈ వారంలో మూడు కోడిపిల్లలు మాయమయ్యాయి. దీన్ని తరిమేయాలా, పట్టుకుని పెంచుకోవచ్చా?

జవాబు: తరమొద్దు, పట్టనూ వద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ముంగిసను పట్టినా, చంపినా నేరమే. దాని వెంట్రుకలతో చేసిన బ్రష్షులు అమ్మినా కేసు పెడతారు.

మీరు చూసిన పోరు చాలామంది వినడమే తప్ప చూడరు. ముంగిస వెంట్రుకలు నిక్కబొడుచుకుని, మీదికి ఉరికినట్టే ఉరికి చటుక్కున వెనక్కి తగ్గుతుంది. పాము కాటు చాలాసార్లు గాలికో, ఆ వెంట్రుకలకో పోతుంది. అలిసిపోయి పడగ వాలిస్తే ఇక తల దొరికినట్టే. ఏదో వేరు తిని విషం విరుచుకుంటుందని పెద్దలు చెప్పేది మాత్రం నిజం కాదు. నాగు విషం కండరాల్లో అతుక్కోవాల్సిన చోటు ముంగిసలో కాస్త వేరుగా ఉంటుంది. తాళం మార్చాక పాత తాళంచెవి పట్టనట్టన్నమాట. అయినా విషం ఎక్కువగా ఎక్కితే అదీ చస్తుంది.

మీ ఉత్తరం చదివి నాకు టెన్షన్ పుట్టింది వేరే విషయానికి. ముంగిస పగలు తిరిగే జంతువు, చీకటి పడితే కలుగులో పడుకుంటుంది. కట్లపాము బయటికొచ్చేది అప్పుడే, రక్తపింజర కూడా ఎక్కువగా రాత్రిపూటే తిరుగుతుంది. కట్లపాము నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. గాటు కనపడకపోవచ్చు, నొప్పీ పెద్దగా ఉండదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. అలా ఉంటే కట్లు కట్టడం, కోయడం, మంత్రం వేయించడం పెట్టుకోకుండా, మనిషిని కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మనవడిని మంచం మీదే పడుకోబెట్టి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. రాత్రి కొట్టంలోకి టార్చి లేకుండా అడుగు పెట్టొద్దు.

కోడిపిల్లలా? పిల్లి పని కూడా కావచ్చు గానీ, ముంగిసకు ఆ పేరుంది. 1872లో చెరకు తోటల్లో ఎలుకల బాధ పోతుందని మన దేశం నుంచి ముంగిసలను జమైకాకు తీసుకెళ్తే, అక్కడ నేల మీద గుడ్లు పెట్టే పక్షులకూ ఎసరు పెట్టాయి. కోడిపిల్లలను పగటిపూట వదిలేయకుండా అర అంగుళం కన్నుల ఇనుప జాలీ గూట్లో ఉంచండి. అది తవ్వగలదు కాబట్టి జాలీని అడుగు లోతున పాతండి.

మచ్చిక చేద్దామని పిల్లలతో మేత పెట్టించకండి. ముంగిసకూ రేబిస్ రావచ్చు. కరిస్తే సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, టీకా వేయించుకోవాలి.

ఇంకొకటి. గాదెలో ఎలుకలకు బ్రోమడయోలోన్ ఎర పెడితే, చచ్చిన ఎలుకలను రోజూ పొద్దున్నే ఏరి లోతుగా పాతిపెట్టండి. వాటిని తింటే ఆ మందు మీ ముంగిసకూ ఎక్కుతుంది.