నీ పేపర్లో ఆ 20 డిగ్రీలు కొట్టెయ్, అమ్మణ్ణీ

తిరుపతి, కొర్లగుంట
రోహిణి కార్తె నాలుగో రోజు

అమ్మణ్ణికి పెదనాయన ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చదివి వినిపించిన భూతాపం ప్రసంగం బాగుంది. ఎక్కడా తడబడలేదు. మీ జేజి ఉంటే దిష్టి తీసేది. కానీ మొదటి వాక్యం దగ్గరే నా మనసు ఆగిపోయింది. "అంటార్కిటికా 20 డిగ్రీలు దాటింది, ఇంకా మనం కళ్లు తెరవకపోతే ఎలా?" అన్నావు. అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెబితే "సరే పెదనాయనా, చూస్తాలే" అని ఫోన్ పెట్టేస్తావు, చూడవు. పోటీ జూన్ 5న కదా, ఇంకా టైం ఉంది. అందుకే కాగితం మీద పెడుతున్నా.

ఆ 20 డిగ్రీల కథ ఇది. 2020 ఫిబ్రవరిలో, అంటే అక్కడ వేసవిలో, అంటార్కిటికా ద్వీపకల్పం పక్కనున్న సేమోర్ దీవిలో బ్రెజిల్ శాస్త్రవేత్తలు పెట్టుకున్న పరికరం 20.75 డిగ్రీలు చూపించింది. పేపర్లన్నీ పెద్దక్షరాల్లో వేశాయి. ఏడాదిన్నర తర్వాత ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ఒప్పుకోమని చెప్పేసింది. థర్మామీటర్‌కు ఎండ తగలకుండా పెట్టిన కవచం పద్ధతి ప్రకారం చేసింది కాదు, అక్కడికక్కడ ఏదో సర్ది పెట్టింది, అందుకే అంకె ఎక్కువ వచ్చిందని తేల్చారు. అదే ద్వీపకల్పంలో, అదే నెల 6న అర్జెంటీనా వాళ్ల ఎస్పెరాంజా కేంద్రంలో వచ్చిన 18.3ని మాత్రం ఒప్పుకున్నారు.

రెండున్నర డిగ్రీల తేడాకి ఇంత గోల ఎందుకంటావు. అవతలి పక్క మాట్లాడే పిల్లోడికి ఆ రెండున్నర చాలు. "ఈమె చెప్పిన అంకెను వాళ్ల సంస్థే తోసేసింది" అంటాడు, హాల్లో చప్పట్లు పడతాయి. తర్వాత నువ్వు ఎన్ని నిజాలు చెప్పినా ఎవరికీ ఎక్కవు. అదే సంగతి నువ్వే ముందు చెప్పేశావనుకో, "ఇంత సంచలనమైన అంకె వచ్చినా, కవచం సరిగా లేదని శాస్త్రవేత్తలే తీసేశారు" అన్నావనుకో, అతని చేతిలో ఏముంటుంది?

నాకెందుకింత పట్టింపో నీకు తెలుసు. ముప్పై రెండేళ్లు థర్మామీటర్ చదివే జీతం తీసుకున్నా. పొద్దున ఎనిమిదిన్నరకు ఆ తెల్ల చెక్కపెట్టె ముందు నిలబడాలి. నేలకు నాలుగడుగుల ఎత్తు, గాలి ఆడేలా చుట్టూ వాలు పలకలు, చదివేటప్పుడు ఎండ లోపల పడకుండా తలుపు ఉత్తరం వైపు. లోపల నాలుగు థర్మామీటర్లు: పొడి బల్బు, తడి గుడ్డ చుట్టిన తడి బల్బు, గరిష్ఠం, కనిష్ఠం. కన్ను సరిగ్గా పాదరసం మట్టానికి రావాలి. పైనుంచి చూస్తే ఒక అంకె, కిందనుంచి చూస్తే ఇంకో అంకె. తలుపు తీసి ఊరికే నిలబడితే మన ఊపిరికే పాదరసం కదులుతుంది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక వానరోజు బద్ధకించా. గొడుగు లేదు. లోపలే కూర్చుని పొడి బల్బు 24.2, తడి బల్బు 24.6 అని రాసేశా. వానరోజే కదా, అంతే ఉంటుందిలే అనుకున్నా. మా పెద్దసారు రిజిస్టర్ తెరిచి, ఆ గడి మీద వేలు పెట్టి, నా మొహం చూశారు. గుడ్డలోని నీళ్లు ఆవిరయ్యేకొద్దీ బల్బు చల్లబడుతుంది. గాలి ఎంత తడిగా ఉన్నా తడి బల్బు మహా అయితే పొడి బల్బుతో సమానమవుతుంది గానీ దాన్ని దాటదు. ఆయన ఒక్క మాట అనలేదు. ఆ నెలంతా నేను రాసిన ప్రతి అంకె పక్కనా ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెడుతూ పోయారు. వానలో తడిసి నిజంగా చదివి రాసినవాటికి కూడా. నీ పేపర్లో 20 డిగ్రీలు వినగానే నాకు ఆ ఎర్ర సిరానే కనిపించింది.

కాబట్టి మొదలు మార్చు. వెర్ఖోయాన్స్క్‌తో ఎత్తుకో. నోరు తిరగకపోతే అద్దం ముందు నాలుగుసార్లు పలుకు. సైబీరియాలో, ఉత్తర ధ్రువం చుట్టూ ఉండే ఆర్కిటిక్ వలయానికి లోపల, చిన్న ఊరు. 1892 ఫిబ్రవరిలో అక్కడ మైనస్ 67.8 నమోదైంది. అదే ఊళ్లో 2020 జూన్ 20న 38 డిగ్రీలు. కత్తిరి ఎండల్లో "ఈరోజు కాస్త పర్వాలేదు" అనుకుంటూ మనం బజారుకు పోయే రోజు ఉంటుందే, అంత. ఈ అంకెకూ వెంటనే ముద్ర పడలేదు. అన్నీ సరిచూసి 2021 డిసెంబర్‌లో ఒప్పుకున్నారు.

దీనికీ ఎదురు మాట ఉంది. "వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడు, ఎండ కాయదా? అలాస్కాలో ఫోర్ట్ యూకాన్‌లో 1915లోనే 37.8 వచ్చింది కదా?" అంటారు. వచ్చింది, రికార్డుల్లో ఉంది. "అవును" అను. మెలికలు తిరగొద్దు. ఒక్క మ్యాచ్‌లో సెంచరీ ఎవడైనా కొడతాడు, సీజన్ సగటు చూడాలి. 2020లో జనవరి నుంచి జూన్ దాకా, ఆరు నెలల సగటే సైబీరియాలో మామూలు కన్నా 5 డిగ్రీలు ఎక్కువ. ఇంకా వెనక్కి పోయి 1979 నుంచి లెక్క తీస్తే, ఆర్కిటిక్ మిగతా ప్రపంచం కన్నా దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కింది. నీ బలం ఈ రెండు సగటుల్లో ఉంది.

"అక్కడే ఎందుకంత?" అని జడ్జి అడిగితే పుస్తకం భాష ఎత్తుకోకు. పోయిన మే నెలలో కొండ మీద మాడవీధిలో నువ్వు వేసిన గంతులు చెప్పు. చెప్పుల్లేని కాళ్లతో రాతి మీద అడుగు వెయ్యలేక, తెల్ల రంగు కొట్టిన చార మీదికి ఎగిరి నిలబడి, నన్నూ రమ్మని చెయ్యి ఊపావు. రాయీ చారా పక్కపక్కనే, రెంటి మీదా ఒకే ఎండ. తెలుపు ఎండను వెనక్కి కొట్టింది, రాయి తాగింది. ఆర్కిటిక్ సముద్రం మీద తేలే మంచు ఆ తెల్ల చార. అది కరిగితే కింద నల్లటి నీళ్లు బయటపడతాయి. నీళ్లు ఎండ తాగి వేడెక్కితే పక్కనున్న మంచు కరుగుతుంది, నలుపు ఇంకాస్త పెరుగుతుంది. కారణం ఇదొక్కటే కాదు, కానీ ఐదు నిమిషాల ప్రసంగానికి ఇది చాలు.

ఇక మూడో పేజీలో "తిరుపతి 78 డిగ్రీలైతే ఎలా ఉంటుందో ఊహించండి" అన్నావు చూడు, అది మొహమాటం లేకుండా కొట్టెయ్. ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థమైంది. 2022 మార్చిలో తూర్పు అంటార్కిటికా నడిబొడ్డున, కాంకర్డియా కేంద్రంలో, మైనస్ 50 దగ్గర ఉండాల్సింది మైనస్ 12 దాకా ఎగబాకింది. 38 డిగ్రీల తేడా. దాన్ని నువ్వు మన 40కి కలిపేశావు. అక్కడి తేడా ఇక్కడ చెల్లదమ్మా. అక్కడ గాలిలో తేమ ఉండదు, మంచు నేలను అంటుకుని బాగా చల్లటి పొర ఒకటి పడుకుని ఉంటుంది. తడిగాలి, మబ్బు వస్తే ఆ పొర చెదిరిపోతుంది, అంకె అమాంతం లేస్తుంది. మన దగ్గర అంత ఊగిసలాట ఎప్పుడూ లేదు. ఆ మార్చిలో ఆస్ట్రేలియా వైపు సముద్రం నుంచి తేమ నిండిన గాలి నదిలాగా ఖండం లోపలికి దూసుకుపోయింది. తర్వాత శాస్త్రవేత్తలు లెక్క కట్టి, ఆ మొత్తంలో భూతాపం వాటా సుమారు 2 డిగ్రీలని చెప్పారు. రెండే!

ఇది చదివి నీ ఉత్సాహం చల్లారిందేమో. నాకైతే నీ ప్రసంగానికి నడుము ఇదే. "38 అని మిమ్మల్ని బెదిరించొచ్చు, కానీ మనిషి వాటా అందులో రెండే" అని నువ్వే చెప్పు. చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఆ రెండు ఎక్కడ కలిస్తే ఏమవుతుందో అడుగు. మైనస్ 12కి రెండు కలిపితే మంచు మంచుగానే ఉంటుంది. మైనస్ ఒకటికి రెండు కలిపితే నీళ్లు. 2021 ఆగస్టు 14న గ్రీన్‌లాండ్ మీద పరుచుకున్న మంచు నెత్తిన, మూడు కిలోమీటర్లకు పైగా ఎత్తులో, వాన పడింది. మంచు కురవడం కాదు, వాన. అక్కడి రికార్డుల్లో అంతకుముందు ఎప్పుడూ లేదు.

"వాతావరణం ఎప్పుడూ మారుతూనే ఉంది, మనిషి లేనప్పుడు కూడా మారింది" అనేది తప్పకుండా వస్తుంది. ఇదీ నిజమే, కాదనకు. ఆ కాంకర్డియా దగ్గరే మంచులోకి మూడు కిలోమీటర్లకు పైగా తవ్వి తీశారు. ఆ మంచులో చిక్కుకున్న పాతకాలం గాలి బుడగలు 8 లక్షల ఏళ్ల సంగతి చెబుతాయి. మంచుయుగాలు వచ్చాయి, పోయాయి. ఎన్ని వచ్చి పోయినా గాలిలో పది లక్షల పాళ్లకు కార్బన్ డయాక్సైడ్ 300 దాకా వచ్చిందే గానీ అంతకు మించలేదు. ఇప్పుడు 420 దాటింది. 1958లో హవాయిలో కొలవడం మొదలుపెట్టినప్పుడు 315. అంటే ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం నా ఒక్క జీవితకాలంలోనే జరిగింది.

సూర్యుడే కారణం అనేవాళ్లకు ఒక మంచి జవాబు మన దారిలోనే ఉంది. చిత్తూరు బస్సులో పోయేటప్పుడు గాదంకి దగ్గర చూశావు కదా, అక్కడి వాతావరణ పరిశోధన సంస్థలో 1024 యాంటెన్నాలు వరసలుగా నాటిన పెద్ద రాడార్ ఉంది. మనం ఉండే పొరను మాత్రమే కాదు, దాని పైన స్ట్రాటోస్ఫియర్, ఆ పైన మీసోస్ఫియర్ కూడా చూస్తుంది. ఇన్ని పొరలు ఎందుకు చూడాలంటే, గాలి అంతా ఒకే ముద్ద కాదు. సూర్యుడు ఎక్కువ కాస్తే పై పొరా వేడెక్కాలి, కింది పొరా వేడెక్కాలి. బెలూన్లు, ఉపగ్రహాలు ఇన్నేళ్లుగా చూపిస్తున్నది వేరు. కింద వేడెక్కుతోంది, స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ దుప్పటిలాంటిది. దుప్పటి కప్పుకున్నవాడికి లోపల వెచ్చన, దుప్పటి బయట చల్లన. ఈ జవాబు చివరిదాకా దాచుకో, అవతలివాడు సూర్యుడి పేరు ఎత్తితేనే తియ్యి.

"మంచు కరిగితే సముద్రం పొంగుతుంది" అని ఒకేచోట అన్నీ కలిపేశావు. నన్నారి షర్బత్‌లో తేలే ఐసు కరిగితే గ్లాసు పొంగదు. పైనుంచి కొత్త ఐసు వేస్తేనే పొంగుతుంది. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా నేల మీదున్న మంచు ఆ కొత్త ఐసు. సముద్రం మీద తేలేది కాదు. ఇది సరిచెయ్యి చాలు.

మన 2021 నవంబర్ వానల గురించి రాసిన పేరా ఉంచు, కానీ కాస్త తగ్గించు. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించిన రాత్రులు నాకూ గుర్తే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, కాబట్టి కురిసినప్పుడు కుండపోత అవుతుంది. అంతవరకు చెప్పు. వంకలు పూడ్చి మిద్దెలు కట్టుకున్నది మాత్రం మనమే. దాన్నీ ధ్రువాల ఖాతాలో రాస్తే ఊళ్లో పెద్దవాళ్లు నవ్వుతారు.

ఇక మీ మామ సంగతి. పోటీలో గెలవడం సులువు, దామలచెరువులో ఆయన దగ్గర గెలవడం కష్టం. పండక్కి ఇద్దరూ అరుచుకుని అన్నం దగ్గర్నుంచి లేచిపోయారని మీ అమ్మ చెప్పింది. తప్పు నీది కూడా. నలభై ఏళ్లుగా మామిడి తోట చూసుకుంటున్న మనిషికి నువ్వు వాతావరణం నేర్పబోయావు. ఈసారి అడుగు. తోతాపురి పూత మీ చిన్నప్పుడు ఏ నెలలో వచ్చేది, ఈ నాలుగేళ్లూ ఎప్పుడొచ్చింది, పిందె ఎప్పుడు రాలింది అని. ఆయన పాత డైరీల్లో కోత తేదీలు, లారీ లెక్కలు అన్నీ ఉంటాయి. ఆయన చెప్పింది నీ వాదనకు కలిసిరాకపోయినా రాసుకో. బోరు వెయ్యి అడుగులకు పోయింది కాబట్టి భూతాపం అని మాత్రం అనకు. నీళ్లు తోడింది మోటార్లు.

"అమెరికావాడు బొగ్గూ పెట్రోలూ తగలబెడితే మనం ఎందుకు మానాలి?" అని ఆయన అంటే కోప్పడకు. అందులో న్యాయం ఉంది. వాళ్లకు తలకు ఏడాదికి దాదాపు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్, మనకు 2 టన్నుల చిల్లర. కాకపోతే ఎవరు భరించాలనేది ఒక తగాదా, వేడెక్కుతోందా లేదా అనేది ఇంకో తగాదా. ఆయన మొదటిదాంట్లో గెలిచి రెండోదాంట్లో కూడా గెలిచానంటాడు. మెల్లగా రెంటినీ విడదియ్యి. ఒక పూటలో తేలకపోతే వదిలెయ్, మామిడికాయ పప్పు చల్లారిపోతుంది.

ఆదివారం పొద్దున్నే రా, కొత్త ప్రసంగం మిద్దె మీద నా పెట్టె పక్కనే కూర్చుని విందాం. వచ్చేటప్పుడు గాంధీరోడ్డులో అరమీటరు మల్లు గుడ్డ పట్టుకురా. తడి బల్బుకు చుట్టింది మట్టి పట్టి పచ్చబడిపోయింది. మూడు రోజులుగా అది అర డిగ్రీ ఎక్కువ చూపిస్తోందని నా అనుమానం. ఆ మూడు రోజుల అంకెల పక్కన ఎర్ర పెన్నుతో ప్రశ్నార్థకం పెట్టి ఉంచా.

నీ పెదనాయన