మేత బస్తాలు మోసే బండికి ఏ షాకబ్జార్బర్లు వేయించాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. రోజూ తెల్లవారుజామున 25 కిలోల మేత బస్తాలు నాలుగు నా 100 సీసీ బండి కారియర్ మీద కట్టుకొని రొయ్యల గుంటల దగ్గరికి వెళ్తాను. వచ్చేటప్పుడు బండి ఖాళీగానే వస్తుంది. తూము దగ్గర గుంతలో పడినప్పుడల్లా వెనక టైరు మడ్‌గార్డుకు రాసుకుంటోంది. ఒక మెకానిక్ గ్యాస్ డబ్బా ఉన్న ఖరీదైన షాకబ్జార్బర్లు వేయించమంటున్నారు. ఇంకొకరు బుల్లెట్‌వి తెచ్చి బిగిస్తానంటున్నారు. మూడో ఆయన స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్కలు దూరిస్తే చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. బరువు మోసేది స్ప్రింగు. దాని లోపల నూనెతో పనిచేసే గొట్టం బరువు మోయదు. నొక్కుకున్న స్ప్రింగు ఒక్కసారిగా ఎగదన్నకుండా పట్టి ఉంచడమే దాని పని. మీ బండి కూర్చుండిపోతోంది కాబట్టి మీరు చూడవలసింది స్ప్రింగును, డబ్బాను కాదు. నైట్రోజన్ గ్యాస్ వల్ల ఉపయోగం లేదని కాదు. వరుసగా గుంతలు తగులుతున్నప్పుడు లోపలి నూనె నురగ కట్టకుండా అది కాపాడుతుంది. అయితే గట్టు మీద నెమ్మదిగా వెళ్లే బండికి ఆ గుణం కోసం రెండింతల ధర పెట్టవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. పైగా చవక సరుకులో కొన్నిటికి ఆ డబ్బా అలంకారం మాత్రమే. లోపల ఏమీ ఉండదు.

కొనడానికి ముందు టేపు పట్టుకొని కొలవండి. బండిని సెంటర్ స్టాండు వేసి, వెనక చక్రం నేలకు తగలకుండా చూసి, ఇరుసు మధ్య నుంచి నిట్టనిలువుగా సీటు కింద ఒక గుర్తు పెట్టి ఆ దూరం రాసుకోండి. తరువాత స్టాండు తీసి, మీరు ఒక్కరే కూర్చొని, ఇంకొకరితో కొలిపించండి. చివరగా బస్తాలన్నీ కట్టి, మీరూ కూర్చొని మరొకసారి కొలిపించండి. చక్రం మొత్తం కదలిక 80 మిల్లీమీటర్లు ఉన్న బండిలో మనిషి కూర్చున్నాక 25 నుంచి 30 మిల్లీమీటర్లు దిగితే సరిగా ఉన్నట్టు. బరువు వేశాక 50 దాటితే గుంతను తట్టుకోవడానికి మిగిలేది 30 లోపే. మీ టైరు మడ్‌గార్డును అందుకుంటున్నది అందువల్లే.

లెక్క ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణ చూడండి. ఒక్కొక్క స్ప్రింగు మిల్లీమీటరు దిగడానికి 2 కిలోల బరువు కావాలనుకుందాం. రెండూ కలిసి 4 కిలోలు. బస్తాలు దాదాపు ఇరుసు మీదనే ఉంటాయి కాబట్టి 100 కిలోలు వేయగానే బండి మరో 25 మిల్లీమీటర్లు దిగుతుంది. 3 కిలోల స్ప్రింగులు వేస్తే ఆ దిగుడు 17 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అయితే అంత గట్టి స్ప్రింగుతో ఖాళీ బండి మీద తిరిగి వచ్చేటప్పుడు ప్రతి రాయీ నడుముకు తెలుస్తుంది. అందుకే పొద్దున బరువుతో వెళ్లి ఖాళీగా తిరిగివచ్చే మీవంటి వారికి ఒక చివర చుట్లు దగ్గరగానూ, రెండో చివర ఎడంగానూ ఉండే స్ప్రింగు మంచిదని నా అభిప్రాయం. తేలిక బరువుకు దగ్గరి చుట్లు మెత్తగా నొక్కుకుంటాయి. బరువు పెరిగినప్పుడు అవి ఒకదానికొకటి ఆనుకుపోయి, ఎడం చుట్లే పని చేయడం మొదలుపెట్టేసరికి స్ప్రింగు గట్టిపడుతుంది.

మీ బండికి ఇప్పుడున్న వాటికి కింద అయిదు మెట్ల సర్దుబాటు ఉంటుంది. హుక్ స్పానరుతో దానిని పై మెట్టుకు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గట్టిదనం మారదు, బండి ఎత్తు మాత్రమే పెరుగుతుంది. అయినా ఖర్చు లేని పని కనుక మొదట అదే చేసి చూడండి. రెండు వైపులా ఒకే మెట్టులో ఉండాలి. చివరి మెట్టులో కూడా బరువుతో 50 మిల్లీమీటర్లు దిగుతుంటేనే కొత్తవి కొనండి.

బుల్లెట్‌వి బిగించడం నేను ఒప్పుకోను. పై కన్ను (బోల్టు దూరే రంధ్రం) నుంచి కింది కన్ను వరకు ఉండే పొడవు మీ పాతవాటితో సరిపోవాలి. పొడవు ఎక్కువైతే బండి వెనక లేచి, హ్యాండిల్ చురుకు పెరిగి, గట్టు మీద నిలకడ తప్పుతుంది. సెంటర్ స్టాండు వేసినా చక్రం నేలనే తాకుతుంది. తక్కువైతే ఇప్పుడున్న బాధే రెట్టింపవుతుంది. కన్నులో ఉండే రబ్బరు బుష్ లోపలి రంధ్రం కూడా బోల్టుకు సరిపోవాలి. రంధ్రం పెద్దదైతే కొందరు రేకు చుట్టి బిగిస్తారు, అది నెల తిరగకుండా కొట్టుకుంటుంది. కొత్తవి వేశాక చైన్ వదులును బండి పుస్తకంలో చెప్పిన కొలతకు మళ్లీ సరిచేయించండి.

రబ్బరు ముక్కల విషయం మరీ గట్టిగా చెబుతున్నాను. అలా నడిపిన ఒక బండి స్ప్రింగును నేను చేతిలో పట్టుకొని చూశాను. ముక్క దూర్చిన చోటికి సరిగ్గా పక్క చుట్టు విరిగింది. విరిగిన ముఖంలో సగం తుప్పు పట్టి ఎర్రగానూ, మిగిలిన సగం కొత్త ఉక్కులా మెరుస్తూనూ ఉంది. అంటే పగులు చాలా రోజుల క్రితమే మొదలైంది. చివరి సగం ఆ రోజే తెగింది. రబ్బరు రెండు చుట్లను కదలనివ్వకపోతే వాటి పని కూడా మిగతా చుట్ల మీదే పడుతుంది.

ఇంకొక మాట మీకు నచ్చకపోవచ్చు. మీ తరగతి బళ్లకు కంపెనీలు చెప్పే బరువు నడిపే మనిషితో కలిపి సుమారు 130 కిలోలు. మీరు, నాలుగు బస్తాలు కలిస్తే అది దాటిపోతుంది. ఎంత మంచి షాకబ్జార్బర్లు వేసినా రిమ్ము, టైరు, బ్రేకు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ పాతవే కదా. రెండేసి బస్తాలతో రెండు సార్లు వెళ్లండి.

ప్రశ్న: మా వారూ నేనూ రోజూ ఒంగోలు నుంచి చీమకుర్తికి ఒకే బండి మీద వెళ్తాము. గ్రానైట్ లారీలు తిరిగే దారి. వెనక కూర్చున్న నాకు నడుము నొప్పి వస్తోంది. గట్టి రకం షాకబ్జార్బర్లు వేయిస్తే తగ్గుతుందా?

జవాబు: తగ్గకపోగా పెరిగే అవకాశమే ఎక్కువ, అమ్మా. ముందు టైరులో గాలి చూపించండి. అవసరానికి మించి కొట్టించిన టైరు రాయిలా ఉంటుంది. సర్దుబాటు ఎన్నో మెట్టులో ఉందో కూడా చూడండి. తరువాత సీటు వెనక భాగాన్ని రెండు చేతులతో బలంగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలకడపడితే లోపలి నూనె పని చేస్తున్నట్టు. రెండు మూడు సార్లు ఊగితే షాకబ్జార్బర్ అయిపోయినట్టు. అప్పుడు మీ బండి కోసమే తయారైన మామూలు గట్టిదనం ఉన్న జతను కొనండి. గాబ్రియేల్, ఎండ్యూరెన్స్ వంటి సంస్థలు కొత్త బళ్ల కంపెనీలకూ సరఫరా చేస్తాయి, విడిగానూ అమ్ముతాయి. స్వింగ్ ఆర్మ్ బుష్‌లు అరిగి ఉంటే వాటిని కూడా అదే రోజు మార్పించండి. అవి వదులుగా ఉంటే కొత్త షాకబ్జార్బర్ల గుణం మీకు తెలియదు. నొప్పి ఎక్కువ రోజులు నిలిస్తే మాత్రం బండి సంగతి అటుంచి డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: మాది కొత్తపట్నం. ఎడమ వైపు షాకబ్జార్బర్ ఒక్కటే నూనె కారుతోంది. అది ఒక్కటి మార్చవచ్చా? సీలు వేయించవచ్చా?

జవాబు: ఒక్కటి మార్చవద్దు. కొత్తదీ పాతదీ ఒకేలా పని చేయవు కాబట్టి స్వింగ్ ఆర్మ్ మెలిపడుతుంది, మలుపులో బండి ఒక పక్కకు లాగుతుంది. సీలు వేయించే ముందు లోపలి కడ్డీని శుభ్రమైన గుడ్డతో తుడిచి గోరుతో గీచి చూడండి. మెరుగు పూత మీద గోరుకు చిన్న గుంటలు తగిలితే ఉప్పు గాలి దానిని తిన్నట్టే. కొత్త సీలును కూడా ఆ గుంటలు కొద్ది రోజుల్లోనే కోసేస్తాయి. గ్యాస్ రకమైతే తిరిగి నైట్రోజన్ నింపే యంత్రం ఉన్నచోటే విప్పించాలి. సముద్రం ఒడ్డున ఉన్నారు కాబట్టి కొత్త జత కొనేటప్పుడు కడ్డీని కప్పే తొడుగు ఉన్నదాన్నే ఎంచుకోండి. వారానికి ఒకసారి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. సర్వీసింగులో డీజిల్ కొట్టించే అలవాటు ఉంటే ఆ భాగానికి మాత్రం కొట్టవద్దని చెప్పండి. డీజిల్ తగిలితే బుష్‌లలోని రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది.