డెక్ క్యాడెట్‌గా, అంటే ఓడ నడిపే ఆఫీసర్ కావడానికి శిక్షణలో ఉన్నవాళ్లుగా, ఓడ ఎక్కితే చదువు ఎలా సాగుతుంది? దీవుల్లో ఊళ్లు చూడొచ్చా?

డీఎన్‌ఎస్ (డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్) కోర్సులో ఏడాది కాలేజీ అయ్యాక 18 నెలలు ఓడే బడి. తుప్పు గీకడం, రంగులేయడం, ఓడను నడిపే గది (బ్రిడ్జి)లో నాలుగు గంటల వాచ్, అంటే కాపలా డ్యూటీ. మిగిలిన కాస్త టైములో ట్రైనింగ్ రికార్డ్ బుక్ నింపి, ఆఫీసర్ చేత సంతకం పెట్టించుకోవాలి. నిద్ర ముంచుకొచ్చేది సరిగ్గా అప్పుడే!

ఊళ్లంటారా, అది ఓడను బట్టి. సింగపూర్‌లో చాలాసార్లు లంగరేసి, ఇంధనం నింపుకుని కదిలిపోతారు. కనిపించేవి దూరంగా దీపాలే. కంటైనర్ ఓడ కొలంబోలో ఒక రోజు కూడా ఆగకపోవచ్చు. బియ్యమో సిమెంటో మోసే బల్క్ ఓడ నయం. వాన పడితే సరుకు తడవకుండా హ్యాచ్‌లు (సరుకు అరల మూతలు) మూసి పని ఆపేస్తారు, రోజులు కలిసొస్తాయి. అయినా డ్యూటీ లేకపోవాలి, షోర్ పాస్ (ఒడ్డుకు దిగే అనుమతి) ఉండాలి, గ్యాంగ్‌వే (ఓడ దిగే మెట్ల దారి) బోర్డు మీద రాసిన టైముకి తిరిగి రావాలి. దిగగానే చాలామంది వెతికేది బీచ్ కాదు, సిమ్ కార్డు.