ఒక్క బిస్కట్టూ, ఆవాల దిండూ

నెదర్లాండ్స్‌లో దిగి నెల తిరక్కుండానే మనవాళ్ళు నన్నడిగే సందేహం ఒకటుంది. "ఏంటండీ వీళ్ళు, ఇంటికి పిలిచి కాఫీతో ఒక్క బిస్కట్టిచ్చి డబ్బా మూత పెట్టేశారు, అయిదున్నర నుంచీ గడియారం చూస్తున్నారు, లేచి వెళ్ళమనా?" ఆయ్, వెళ్ళమనేనండీ. చాలా ఇళ్ళలో ఆరింటికల్లా భోజనాలు, ఉన్న తలలకి లెక్కేసే వండుకుంటారు, మిమ్మల్ని పిలిచింది కాఫీకి.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. (17వ శతాబ్దంలో ఈ డచ్చివాళ్ళే అక్కడ వర్తక కోఠీ పెట్టి మన బట్టలు కొన్నారు, కొత్త చుట్టాలేం కాదు.) మా వైపు వద్దు వద్దంటున్నా మూడోసారి వడ్డిస్తేగానీ మర్యాద చేసినట్టు కాదు కదా, ఆ లెక్కన మొదటి ఏడాదంతా వీళ్ళు వట్టి పిసినారులనే అనుకున్నాను. తర్వాత పక్కింటాయన మా ఇంటికి భోజనానికొచ్చాడు. చాలన్నా మా అమ్మ ఇంకో రెండు గారెలు వేసేసింది, పాపం తిన్నాడు, మర్నాడు మెట్ల దగ్గర ఆపి "నేను వద్దన్న మాట మీరెందుకు వినలేదు?" అని నిజంగానే అడిగాడు. ఆయన లెక్కలో అమర్యాద మాదే.

అసలు పాఠం మా పాప పుట్టినప్పుడు. ఇక్కడ కాన్పయ్యాక ఇంటికే ఒక సహాయకురాలొస్తుంది, ఆ ఏర్పాటుని క్రామ్‌జోర్ఖ్ అంటారు, అప్పట్లో మామూలుగా 8 రోజుల్లో 49 గంటలు. అదే వారం మా అమ్మ బాలింతకి పెట్టే కాయం డబ్బాతో దిగింది. ఆ సహాయకురాలు కిటికీ తీస్తుంది, అమ్మ వెళ్ళి మూస్తుంది. చెవుల్లో ఆ దూదేంటని ఆవిడ, బాలింతకి రోజూ తలస్నానమేంటని అమ్మ, మధ్యలో ఇద్దరి మాటలూ సగం మింగి చెప్పే నేను. ఊళ్ళో మాది పెంకుటిల్లు, ముసురు పట్టిందంటే ఈదురుగాలి తిన్నగా మంచం మీదకే, దూది అందుకు. ఇక్కడివి గాలి చొరని ఇళ్ళు, కిటికీ తియ్యకపోతే గోడలకి బూజు. మూడో రోజు ఆవిడ ఒక రేకు సీసాలో వేణ్ణీళ్ళు పోసి, బిగించి, గుడ్డ తొడుగేసి పాప పక్క వెచ్చబెడుతుంటే అమ్మ చెయ్యి పెట్టి చూసి, "పర్లేదురా, ఈ అమ్మాయికి పని తెలుసు" అంది.

అలాగని అన్నీ సమానమే అనుకోకండి. తల గుండ్రంగా రావాలని అమ్మ తెచ్చిన ఆవాల దిండుని ఆవిడ తీసి అవతల పెట్టింది, నేను ఆవిడ పక్షమే ఉన్నాను, పసిబిడ్డకి ఊపిరాడకపోయే ప్రమాదం ఉన్నచోట మన అలవాటూ వాళ్ళ అలవాటూ అని ఊరుకోలేం. ఇక్కడ డిసెంబరు 5 సింటర్‌క్లాస్ పండగకి, ఆ పేరుగల సాధువు వెంటొచ్చే నల్లజాతి సేవకుడి వేషమంటూ మొహాలకి నల్లరంగు పూసుకోవడం సంప్రదాయంగా ఉండేది, అది తప్పని రోడ్డెక్కినవాళ్ళూ ఇక్కడివాళ్ళే, చాలా ఊళ్ళలో మానిపించారు కూడా. మన టీ కొట్లలో దళితులకి వేరే గ్లాసు పెట్టిన రెండు గ్లాసుల పద్ధతి గురించి ఎవరైనా అడిగితే "అది మా సంస్కృతి, మీకర్థం కాదులెండి" అని నేనైతే అనను.

సరే, ఈ ఆదివారం మిమ్మల్నీ ఎవరో కాఫీకి పిలిచారనుకోండి. చెప్పిన టైముకి వెళ్ళండి, పూలు పట్టికెళ్ళండి, అయిదున్నరకి ముందే లేచెయ్యండి. బయల్దేరేముందు ఇంట్లో ఇంత పెరుగన్నం తినెళ్ళండి.